అట్టపలకపై అంటువ్యాధి

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి మన దేశమున ఇండ్ల తలుపులు మూతపడెను. మొదట 21 దినములనిరి. పిదప ఆ గడువు పలుమార్లు పెరిగినది. బడులు లేవు, సినిమాహాళ్లు లేవు, పొరుగింటికి పోవుటకైనను జంకు. అట్టి దినములలో పెక్కు ఇండ్లలో సుద్దముక్కతో నేలమీద అష్టాచెమ్మా గడులు వెలసినవి. అటకమీద పడియున్న వైకుంఠపాళి పటము దుమ్ము దులుపుకొని క్రిందికి దిగినది. అదే కాలమున జర్మనీ, ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో జనులు మరియొక తరహా ఆటల పెట్టెలను ముందుంచుకొని కూర్చుండిరి. వీనికి ఆధునిక బోర్డు ఆటలని పేరు. మన నగరములలోను వీనియందు మక్కువగల వారు కలరు.

రేపు ఏమగునో ఎవరికిని తెలియని సంవత్సరమది. అట్టి యేడు మనుష్యులు మరల పాచికలు, చీట్లు చేతబట్టుట వింతగా తోచవచ్చును. అనిశ్చయముతో విసిగినవారు అనిశ్చయముతోనే ఆడుకొనుట ఎందుకు? దీనికి సమాధానము ఆ ఆటల నిర్మాణములోనే ఉన్నది. బయటి లోకములో అదృష్టమునకు కొలత లేదు. ఈ ఆటలలో ఉన్నది. ఎంత అదృష్టము, ఏ సమయమున, ఏ హద్దులలో అను విషయమును ఆటను కూర్చినవాడు ముందే లెక్కవేసి పెట్టెలో పెట్టును. ఆ లెక్కను గ్రహించిన ఆటగాడు తన తెలివికి ఎంత చోటున్నదో చూచుకొనగలడు.

మన ఆటలనే తీసికొందము. వైకుంఠపాళిలో అంతయు పాచికదే. ఆటగాడు కాయను జరుపు కూలివాడు మాత్రమే. పామైనను నిచ్చెనయైనను అతని ప్రమేయము లేదు. పులిజూదములో ఇందుకు పూర్తిగా విరుద్ధము. మూడు పులులు, పదునైదు మేకలు, కంటి ఎదుటనున్న గీతలు. అదృష్టమను మాటయే లేదు. ఆరితేరిన తాత ముందు పదేండ్ల మనుమడు ఎన్నిమార్లు కూర్చున్నను ఓటమియే. అష్టాచెమ్మా ఈ రెంటికి నడుమనున్నది. గవ్వలు ఎంత చెప్పిన అంతే నడువవలెను గాని, ఏ కాయను నడుపవలెననునది ఆడువాని ఇష్టము.

నాలుగు గవ్వలను వేసినప్పుడు ఒక్కొక్కటి వెల్లకిల పడుటకు, బోర్ల పడుటకు సమానావకాశమున్నదనుకొన్నచో మొత్తము 16 విధములుగా పడవచ్చును. అందు రెండు గవ్వలు వెల్లకిల పడు విధములు 6. ఒకటి పడునవి 4. మూడు పడునవి 4. నాలుగును వెల్లకిల పడి చెమ్మా వచ్చుట, నాలుగును బోర్లపడి అష్టా వచ్చుట ఒక్కొక్క విధముననే జరుగును. కనుకనే ఆ రెండు పందెములకు అంత సంబరము. అయితే గవ్వ నాణెము వంటిది కాదు. దాని రెండు ప్రక్కలు ఒకటి కావు. ఒక గవ్వను నూరుమార్లు వేసి లెక్కపెట్టినచో పై భిన్నములను ఎంతవరకు సవరింపవలెనో తరగతిలోనే తేల్చవచ్చును.

ఆధునిక బోర్డు ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైన కటాన్ ఇట్టి లెక్కపైననే నిలిచినది. 1995లో జర్మనీలో వెలువడిన ఈ ఆటను కూర్చిన క్లాస్ టాయిబర్ వృత్తిచేత కట్టుడు పండ్లు తయారుచేయువాడు. ఇందులో 19 షడ్భుజాకారపు పలకలను కూర్చి ఒక ద్వీపమును నిర్మింతురు. ఒక్క ఎడారి తప్ప తక్కిన వానిమీద అంకెల బిళ్లలుండును. రెండు పాచికలు వేయగా వచ్చిన మొత్తము ఏదో, ఆ అంకెగల పలకలు ధాన్యమో కలపయో ఇటుకలో పండించును. ప్రక్కన ఇల్లు కట్టుకొనినవారు వానిని పొందుదురు. రెండు పాచికలు 36 విధములుగా పడవచ్చును. అందు 6 వచ్చుటకు ఐదు విధములు, 8 వచ్చుటకు ఐదు విధములు; 2గాని 12గాని వచ్చుటకు ఒక్కొక్కటే. చమత్కారమేమనగా ప్రతి బిళ్లమీద అంకె క్రింద ఆ విధముల సంఖ్యను చుక్కలుగా అచ్చువేసినారు. గణితము రానివాడును ఐదు చుక్కలున్న చోట ఇల్లు కట్టును. సంభావ్యతా సిద్ధాంతమును ఇంత నిశ్శబ్దముగా బోధించు పాఠ్యపుస్తకము అరుదు.

ఇక అసలు విషయము. 2020లో లోకమంతయు ఒక మహమ్మారిని ఎదుర్కొనుచుండగా, ఆ మహమ్మారినే కథావస్తువుగా గల ఆట ఒకటి అప్పటికి పన్నెండేండ్లుగా అంగళ్లలో ఉన్నది. దాని పేరు పాండెమిక్. అమెరికా దేశస్థుడైన మ్యాట్ లీకాక్ 2004లో దీనిని కూర్చ మొదలిడెను, 2008లో అచ్చయినది. ఒకరినొకరు ఓడించు ఆటలు ఆడిన సాయంకాలములు భార్యాభర్తల నడుమ ముభావమునకు దారితీయుచుండగా అతడు ఈ ప్రయత్నమునకు పూనుకొనెనట. కొద్దికాలము క్రిందటనే సార్స్ వ్యాధి పలు దేశములను కలవరపెట్టియుండెను. ఫలితము, ఆటగాళ్లలో ఒకరికొకరు ప్రత్యర్థులు కాని ఆట. ఇద్దరుగాని ముగ్గురుగాని నలుగురుగాని ఒకే పక్షము. రెండవ పక్షము వ్యాధి. గెలిచిన అందరును గెలుతురు, ఓడిన అందరును ఓడుదురు. ఇట్టి సహకారపు ఆటలు అంతకుముందును లేకపోలేదు గాని, వీనికి ఇంటింట ప్రచారము తెచ్చినది ఇదియే అనవచ్చును.

అట్టమీద ప్రపంచపటము, దానిపై గీతలతో కలుపబడిన 48 నగరములు ఉండును. నాలుగు రంగులు నాలుగు వ్యాధులు. ఒక్కొక్క రంగునకు 12 నగరములు, 24 చిన్న ఘనాకారపు దిమ్మలు. మన దేశమునుండి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై నల్లరంగు జాబితాలోనున్నవి. హైదరాబాదునకు చోటు దొరకలేదు. ప్రతి నగరమునకు ఒక సంక్రమణ చీటీ కలదు. ఆరంభమున తొమ్మిది చీట్లు తీసి, మొదటి మూడు నగరములలో మూడేసి, తరువాతి మూడింట రెండేసి, ఆ తరువాతి మూడింట ఒక్కొక్కటి చొప్పున 18 దిమ్మలు పెట్టుదురు. ఆ పిమ్మట ఆటగాడు తన వంతులో నాలుగు పనులు చేయవచ్చును: ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుట, ఒక దిమ్మను తీసివేయుట, తోటివానికి చీటీ ఇచ్చుట మొదలగునవి. వంతు ముగియగానే రెండు సంక్రమణ చీట్లు తీయవలెను. వచ్చిన ప్రతి నగరమునకు ఒక్కొక్క దిమ్మ చేరును. ఆట సాగినకొలది ఈ రెండు మూడగును, నాలుగగును.

ఏ నగరమునను మూడు దిమ్మలకు మించరాదు. నాలుగవది రావలసి వచ్చినప్పుడు అక్కడ వ్యాధి పొంగును. ఆ నగరముతో గీతచేత కలిసిన ప్రతి నగరమునకు ఒక్కొక్క దిమ్మ చేరును. ఢిల్లీలో మూడు, చెన్నైలో మూడు దిమ్మలున్న సమయమున ఢిల్లీ చీటీ వచ్చినదనుకొందము. ఢిల్లీ పొంగి టెహరాను, కరాచీ, ముంబై, కోల్‌కతాలకు తలా ఒకటి పోవును. ఐదవ పొరుగు చెన్నై. అక్కడ ఇదివరకే మూడున్నవి కావున చెన్నైయు పొంగును. ముంబై, కోల్‌కతా, బాంకాక్, జకార్తాలకు తలా ఒకటి. ఒక్క చీటీకి ఒక్క దిమ్మ చేరవలసియుండగా ఎనిమిది చేరినవి! నల్ల దిమ్మలలో మూడవ వంతు ఒక్క క్షణములో అట్టమీదికి వచ్చినవి. పొంగులు ఎనిమిది అయినచో ఆట ముగియును; ఏ రంగు దిమ్మలైనను నిండుకొన్నను ముగియును.

ఆటలోని గొప్ప ఊహ వేరొకటి కలదు. ఆటగాళ్లు తీసికొను చీట్లలో అక్కడక్కడ విజృంభణ చీట్లు దాగియుండును. సులభమైన ఆటలో ఇవి నాలుగు. మొదట కట్టను నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగములో ఒక్కొక్కటి కలిపి, ఆ భాగములను ఒకదానిపైనొకటి పేర్చుదురు. కావున ప్రతి భాగములోను విజృంభణ తప్పదు. కాని ఏ వంతులో వచ్చునో తెలియదు. తొలకరి వంటిదన్నమాట. జూనులో వచ్చునని రైతునకు తెలియును. ఏ దినముననో తెలియదు. ఒక భాగపు చివర ఒకటి, తరువాతి భాగపు మొదట మరియొకటి వచ్చినచో మాత్రము వరుసగా రెండు దెబ్బలు తగులును.

విజృంభణ వచ్చినప్పుడు సంక్రమణ కట్ట అడుగుననున్న చీటీని లాగి, ఆ నగరమున ఒకేసారి మూడు దిమ్మలు పెట్టుదురు. తరువాత అంతవరకు వాడిన చీట్లన్నిటిని కలిపి కట్టకు పైన పెట్టుదురు. అడుగున కాదు, నడుమ కాదు, పైన! ఈ చిన్న నియమము ఫలితము లెక్కవేసి చూడదగినది. నాలుగవ వంతులో మొదటి విజృంభణ వచ్చినదనుకొందము. అప్పటికి వాడిన చీట్లు ఆరంభమున తీసినవి 9, మూడు వంతులలో తీసినవి 6, అడుగునుండి లాగినది 1, మొత్తము 16. ఈ పదునారును పైకి చేరినవి. వెంటనే రెండు చీట్లు తీయవలెను. ఇప్పుడే మూడు దిమ్మలు పడిన నగరము మరల వచ్చి పొంగుటకు అవకాశము 16లో 2, అనగా ఎనిమిదవ వంతు. 48 చీట్లను ఒకటిగా కలిపియున్నచో అది 48లో 2, అనగా ఇరువది నాలుగవ వంతు మాత్రమే. పైన పెట్టుటవలన ప్రమాదము మూడింతలైనది. అంతేకాదు, తరువాతి వంతులలో వరుసగా దెబ్బతినునవి ఇదివరకు దెబ్బతిన్న ఊళ్లే. వ్యాధి ఎక్కడ ఉన్నదో అక్కడనే పెరుగునను యథార్థమును ఇంత చవకగా, ఒక్క కట్ట తిరుగవేతతో చూపుట మెచ్చదగినది.

గెలుచుటకు నాలుగు వ్యాధులకును మందు కనుగొనవలెను. ఒక్కొక్క మందునకు ఒకే రంగు చీట్లు ఐదు కావలెను. ఆటగాళ్లకు ముందుగా పంచినవి పోను కట్ట సుమారు 24 వంతులలో అయిపోవును. ఆలోగా మందులు దొరకనిచో ఓటమియే. ఉన్నవి దాదాపు 96 పనులు. దిమ్మలు తీయుచు కూర్చున్నచో మందులు దొరకవు. మందుల వెంటబడినచో ఊళ్లు పొంగును. ప్రతి వంతులోను కలుగు చర్చ ఇదియే: నేటి రోగికా, రేపటి మందుకా?

ఆట బాగుగా వచ్చినవారు ఒక సంగతి గ్రహింతురు. అట్టమీది దిమ్మలన్నిటిని తుడిచివేయ నక్కరలేదు. మూడున్న ఊరిని రెండునకు దింపిన చాలును, పొంగు ఆగును. దీనికి పోలిన విషయమును నిజమైన వ్యాధులలో మొదట లెక్కగట్టి చూపినవాడు సర్ రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన రాసే ఇతడు. దోమలన్నిటిని చంపుట అసాధ్యము గదా, ఇక మలేరియా పోవుటెట్లని ఆనాడు పలువురు ఆక్షేపించిరి. దోమల సంఖ్యను ఒక హద్దునకు దిగువగా తగ్గించినచో, తక్కినవి బ్రదికియున్నను వ్యాధి తనంతట తాను క్షీణించునని రాస్ గణితముచేత నిరూపించెను. అతనితో 1901లో సియెరా లియోన్ పోయిన మెకెండ్రిక్ అను వైద్యుడు పిదప భారత వైద్యశాఖలో పనిచేసెను. ప్రయోగశాలలో 1924లో జరిగిన ప్రమాదమున చూపు కోల్పోయిన కెర్మాక్ అను రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి అతడు 1927లో ప్రకటించిన వ్యాసము నేటికిని అంటువ్యాధుల గణితమునకు పునాది. ఆ వ్యాసమున వారు తమ సమీకరణమును 1905–06లో బొంబాయి నగరమున ప్లేగు మరణముల లెక్కలతో సరిపోల్చి చూచిరి.

వారి లెక్కలో జనులు మూడు వర్గములు: వ్యాధి సోకదగినవారు, సోకినవారు, కోలుకొనిగాని మరణించిగాని తప్పుకొనినవారు. ఒక రోగి సగటున ఇద్దరికి అంటించినచో 1, 2, 4, 8 అని పెరుగుచు పదవ మెట్టున 1,024 అగును. ఒక్కనికన్న తక్కువగా, 0.9 చొప్పున అంటించినచో 100 మంది 90, ఆ 90 మంది 81 అని తగ్గుచు పోవుదురు. ఒకటికి కొంచెము పైన, ఒకటికి కొంచెము క్రింద; లోకమునకు గల తేడా అంతయు ఆ కొంచెములోనే. 2020లో ముసుగులు ధరించుట, దూరము పాటించుట మొదలగు కట్టుబాట్లన్నియు ఈ అంకెను ఒకటికి దిగువకు తెచ్చుటకే ఉద్దేశింపబడినవి.

అయితే ఆట ఆటయే. దీనినుండి వైద్యము నేర్చుకొనబోవుట పొరపాటు. ఇందులోని ఊళ్లలో కోలుకొనినవారు లేరు, రోగనిరోధకశక్తి లేదు; కెర్మాక్, మెకెండ్రిక్‌ల మూడవ వర్గమే లేదు. దానికన్న పెద్ద అసత్యము మరియొకటి. ఆటగాళ్లు విమానములలో ఖండములు దాటి తిరుగుచుందురు. వారివలన వ్యాధి ఎన్నడును వ్యాపింపదు. నిజలోకమున 2020లో జరిగినది దీనికి తలక్రిందు; ప్రయాణికులతోనే వ్యాధి వచ్చినది, విమానములనే ఆపవలసివచ్చినది. మూడవది, నాలుగవ మందు దొరకిన క్షణముననే ఆట ముగియును. అట్టమీద దిమ్మలెన్ని మిగిలియున్నను గెలిచినట్లే. నిజమునకు పెద్ద పని అక్కడనే మొదలగును. బ్రిటనులో 2020 డిసెంబరు 8న కోవిడు టీకాలు వేయుట ఆరంభమయినది. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌కు 2021 జనవరిలో అత్యవసర అనుమతి లభించినది. సీసాలోని మందు ప్రతి ఊరిలో ప్రతి భుజమునకు చేరుటకు ఆ తరువాత ఎంత కాలము, ఎందరి శ్రమ పట్టినదో అందరును ఎరిగినదే. ఆ పనికి ఈ అట్టమీద గడి లేదు.

ఆప్తులను పోగొట్టుకొనిన ఇంట ఈ పెట్టె తెరచుటకు మనసు రాకపోవుట సహజము. తెరచినవారికి మాత్రము బయట కంటికి కనబడని శత్రువు ఇక్కడ రంగు దిమ్మలుగా కనబడెను, లెక్కకు అందెను, తీసివేయుటకు చేతికి అందెను. ఓడినచో మరల పేర్చుకొనవచ్చును. 2020 మార్చిలో లీకాక్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్రాయుచు, ఈ ఆటను ఎవరును ఒంటరిగా గెలువలేరను విషయమునే ముఖ్యముగా ఎత్తిచూపెను.

సహకారపు ఆటలకు ఒక జాడ్యము కలదు. అందరి చీట్లును బాహాటముగా నుండుటచేత, ఆట బాగుగా తెలిసిన ఒక్కడు అందరి వంతులును తానే ఆడించును. "నీవు చెన్నై పో, నీవు ఆ చీటీ ఇచ్చివేయి" అని ఆజ్ఞలు జారీయగును. చీట్లు నలుగురి చేతులలో ఉండును. మెదడు మాత్రము ఒక్కటే పనిచేయును. మన ఇండ్లలో ఈ పాత్ర ఎవరిదో చెప్పనక్కరలేదు. దీనికి విరుగుడును ఆటలు కూర్చువారే కనిపెట్టిరి. 2020లో జర్మనీలో ఆరితేరిన ఆటగాళ్ల విభాగమున బహుమతి పొందిన ద క్రూ అను ఆట, థామస్ సింగ్ కూర్చినది, పేకాటకు దగ్గరి చుట్టము. నాలుగు రంగులలో 1 నుండి 9 వరకు ముక్కలు, నాలుగు తురుపు ముక్కలు, మొత్తము 40. అందరును కలిసి ఒక లక్ష్యము సాధింపవలెను. ఫలానా ముక్కను ఫలానావారు గెలువవలెను. కాని మాటలాడరాదు. ఒక్కొక్కరు ఒక్కసారి మాత్రము ఒక ముక్కను బయటపెట్టి, ఆ రంగులో అది తన పెద్ద ముక్కయో, చిన్న ముక్కయో, ఏకైక ముక్కయో గుర్తుచేత తెలుపవచ్చును. ఆ కొద్దిపాటి సమాచారమునుండి తక్కినది ఊహించుకొనవలెను. ఇంటి పెద్ద నోరు మూతపడగా చిన్నవాని బుద్ధికి పని కలిగినది.

ఆ సంవత్సరము ఈ అభిరుచికే కష్టకాలము. నలుగురు ఒక బల్లచుట్టు చేరిననే కదా ఆట! జర్మనీలోని ఎస్సెన్ నగరమున ఏటేట జరుగు ఆటల తిరునాళ్లకు 2019లో 2,09,000 మంది వచ్చియుండగా, 2020లో దానిని ఇంటర్నెట్టు ద్వారానే జరిపిరి. సహకారపు ఆటలకు ఇక్కడ ఒక సౌకర్యము కనబడినది. ప్రత్యర్థి లేడు గనుక, రహస్యముగా దాచవలసిన చీట్లు లేవు గనుక, పాండెమిక్ వంటి దానిని ఒక్కడే ఇద్దరి పాత్రలను పట్టుకొని ఆడవచ్చును; లేదా ఒక ఇంట అట్టను పరచి, ఫోను కెమెరాను దానివైపు త్రిప్పి, మరియొక ఊరిలోని మిత్రునితో ఆడవచ్చును.

ఈ పెట్టెల వెల సామాన్య కుటుంబమునకు భారమే. నియమములు ఇంగ్లీషులో ఉండును. కాని ఇందులోని సారమును బడిలో కాణీ ఖర్చు లేకుండ చూపవచ్చును. ఒక పెద్ద అట్టమీద పన్నెండు ఊళ్లు వ్రాసి, రైలుమార్గములవలె గీతలు కలుపవలెను. విజయవాడ, కాజీపేట, గుంతకల్లు, రేణిగుంట వంటి జంక్షనులు అందుండుట మంచిది. పన్నెండు చీట్లమీద ఆ ఊళ్ల పేర్లు వ్రాయవలెను. దిమ్మలకు బదులు చింతగింజలు. మొదట మూడు చీట్లు తీసి వరుసగా 3, 2, 1 గింజలు పెట్టవలెను. ఒక్కొక్క విద్యార్థి తన వంతులో రెండు పనులు చేయును: గీతవెంట ప్రక్క ఊరికి పోవుట, లేదా ఉన్న ఊరిలో ఒక గింజ తీయుట. పిదప ఒక చీటీ తీసి ఆ ఊరిలో ఒక గింజ వేయవలెను. ప్రతి నాలుగు వంతులకొకసారి విజృంభణ: అడుగు చీటీ ఊరిలో మూడు గింజలు వేసి, వాడిన చీట్లను కలిపి పైన పెట్టవలెను. నాలుగవ గింజ రావలసినచోట పొంగు. ఇరువది వంతులు ముగియులోగా నాలుగు పొంగులు వచ్చినచో ఓటమి. ఈ అంకెలు వేదవాక్యములు కావు. ఆట మరీ సులభమైనను, మరీ కష్టమైనను మార్చుకొనవచ్చును.

తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టు పైన చెప్పినట్లును, రెండవ జట్టు విజృంభణ వచ్చినప్పుడు వాడిన చీట్లతోపాటు కట్ట మొత్తమును కలిపియు, పదేసిమార్లు ఆడవలెను. ఎన్ని పొంగులు వచ్చినవో, ఏ ఊరిలో వచ్చినవో నల్లబల్లపై పట్టిక వేయవలెను. చీట్లు పన్నెండే కావున రెండు జట్ల నడుమ భేదము పెద్ద ఆటలోనున్నంత ఉండదు. మొదటి విజృంభణ తరువాత ఆ ఊరి చీటీయే వెంటనే వచ్చుటకు అవకాశము ఒకచోట ఎనిమిదవ వంతు, రెండవచోట పన్నెండవ వంతు. పదిమార్లకు ఆ భేదము బయటపడనిచో ఇరువదిమార్లు ఆడవలెను. ఎక్కువ గీతలు కలిసిన ఊరు తక్కినవానికన్న తరచుగా పొంగునా అనునది ఆ పట్టికలోనే చూచుకొనవచ్చును.